ద్రోణుణ్ణి గైడుగా పెట్టుకోవద్దు

మన పల్లెల్లో పిల్లాడు పదో తరగతి పాసైతే పండగ చేసుకున్న రోజులున్నాయి. తర్వాత ఇంటరన్నాం, డిగ్రీ అన్నాం, బి.ఇడి. అన్నాం. ఇవ్వాళ తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపట్ల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పిహెచ్.డి. చేస్తున్న పిల్లలున్నారు. వరికోతకూ మినపతీతకూ పోయిన తల్లులు కన్న పిల్లలు. ఇది చిన్న సంగతి కాదు.

కానీ ఆ పిల్లలు పండక్కి ఊరొస్తే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "ఏరా అబ్బాయ్, ఇంకా చదవతానే ఉన్నావా? ఎప్పటికైపోద్ది నీ చదువు?" వాడు తలొంచుకుని ఏదో గొణిగి పక్కకు పోతాడు. చదవలేక ఆగిపోయాడని ఊరనుకుంటుంది. చాలాసార్లు సంగతి అది కాదు. చదివాడు, రాశాడు. రాసిన కట్ట గైడుగారి బల్ల మీద ఉంది. ఆయన తిప్పి చూడలేదు, సంతకం పెట్టలేదు.

ఈ గైడెవరు? ఆయన చేతిలో మన పిల్లల ఆరేళ్ళ బతుకు ఎందుకుంది? ఆయన్ని ఎంచుకునే హక్కు మన పిల్లలకుందా? ఈ మూడు ప్రశ్నలూ యూనివర్సిటీ వాళ్ళవి కావు, మన పల్లెవి. అందుకే ఈ పత్రికలో రాస్తున్నాం.

హాల్‌టికెట్టు నంబరు లేని చదువు

డిగ్రీ దాకా మన పిల్లల్ని కాపాడింది ఏమిటో ఎప్పుడైనా ఆలోచించామా? హాల్‌టికెట్టు నంబరు. పేపరు దిద్దేవాడికి మన ఇంటిపేరు తెలియదు, వాడ తెలియదు. నంబరు తెలుస్తుంది, రాసిన జవాబు తెలుస్తుంది. ఇష్టమున్నా లేకున్నా మార్కులెయ్యాల్సిందే. మన తరంలో మొదటిసారి డిగ్రీ పాసైన వాళ్ళమంతా ఆ నంబరు చాటున బయటపడ్డ వాళ్ళమే.

పిహెచ్.డి.లో ఆ చాటు లేదు. లోపలికి రావడానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, మొదట్లో కోర్సువర్కు పరీక్షలుంటాయి. ఆ తర్వాతిదంతా మనిషికీ మనిషికీ మధ్య నడుస్తుంది. అంశం ఒప్పుకునేది గైడు. అధ్యాయం చదివి బాగుందనేది గైడు. ఫెలోషిప్పు కొనసాగడానికి సంతకం ఆయనదే. థీసిస్ సమర్పించమనేది ఆయనే. ఆయనకు మన పేరు తెలుసు, ఊరు తెలుసు, ఏ కోటాలో వచ్చామో తెలుసు. మన పిల్లాడు మాట్లాడే యాస కూడా తెలుసు.

నంబరు పోయిన చోట రూలు పట్టుకోవాలి. మేం చెప్పదలచుకున్నది ఇంతే. గైడు మంచోడైనా చెడ్డోడైనా, ఆయన దయ మీద కాకుండా రూలు మీద నడిచే చదువు చదవాలి. ఆ రూలు పుస్తకం మొదటి రోజే మన పిల్లల చేతిలో ఉండాలి.

గైడు లేకుండానే పోయినవాళ్ళు

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. తమిళనాడు సేలం వైపు నుంచి, పందులు మేపుకు బతికే పన్నియాండి కులం నుంచి, సెంథిల్ కుమార్ అనే కుర్రాడు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి భౌతికశాస్త్రంలో పిహెచ్.డి. చెయ్యడానికి వచ్చాడు. 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు గైడును కేటాయించలేదు. కోర్సువర్కులో తప్పాడని ఫెలోషిప్పు ఆగింది. ఆ ఫెలోషిప్పులోంచే ఇంటికి డబ్బు పంపేవాడు. తర్వాత వేసిన కమిటీ, కోర్సువర్కుకూ గైడు కేటాయింపుకూ సంబంధించిన పద్ధతుల్లో స్పష్టత లేదని తేల్చింది.

అయిదేళ్ళకు, 2013 నవంబరులో, అదే విశ్వవిద్యాలయంలో మాదారి వెంకటేశ్ అనే దళిత పరిశోధక విద్యార్థి చనిపోయాడు. ఆయన విషయంలోనూ చర్చకు వచ్చింది ఏళ్ళ తరబడి స్థిరమైన గైడు లేకపోవడమే. 2016 జనవరి 17న మన గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల చనిపోయాడు. ఆయనది గైడు గొడవ కాదు, ఆయన కథ దేశమంతటికీ తెలుసు. కానీ పోతూ పోతూ రాసిన కాగితంలో కూడా తనకు ఏడు నెలల ఫెలోషిప్పు రావాలని, అది ఇంటివాళ్ళకు అందేలా చూడమని రాశాడు. ఆ మాట మనం మర్చిపోకూడదు. మన పిల్లల ఫెలోషిప్పు మన ఇళ్ళల్లో అన్నం. అది ఆపడమంటే అన్నం కుండ తన్నెయ్యడమే.

ఏకలవ్యుడి కథ మనకందరికీ తెలుసు. అందరూ బొటనవేలు సంగతి చెబుతారు. ద్రోణుడు ఏకలవ్యుడికి అడ్మిషనే ఇవ్వలేదన్న సంగతి మనం చెప్పుకోవాలి. చేర్చుకోలేదు, ఒక్క పాఠం చెప్పలేదు, దక్షిణ మాత్రం వసూలు చేశాడు. సెంథిల్‌కు గైడును ఇవ్వని డిపార్టుమెంటు ఆ కథకు కొత్త ప్రతి. ఏకలవ్యుడు బొమ్మ పెట్టుకుని నేర్చుకున్నాడు. మన పిల్లలు బొమ్మను పెట్టుకుంటే కుదరదు, బొమ్మ సంతకం పెట్టదు.

బాబాసాహెబు గైడుల సంగతి

బాబాసాహెబు పెద్ద చదువులు చదివాడని అందరం అంటాం. ఎలా చదివాడో, ఏ నియమం దగ్గర ఎలా నెగ్గుకొచ్చాడో మన పిల్లలకు చెప్పం. చెప్పాలి.

1913లో ఆయన అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. బరోడా మహారాజా ఇచ్చిన స్కాలర్షిప్పు మూడేళ్ళకే. 1915లో ఎం.ఎ. అయింది. 1916లో పరిశోధన పని ముగించుకుని లండను బయల్దేరారు. పిహెచ్.డి. పట్టా మాత్రం 1927లో వచ్చింది. పదకొండేళ్ళు! థీసిస్ బాగాలేక కాదు. థీసిస్‌ను అచ్చు వేయించి ప్రతులు ఇస్తేనే పట్టా అన్నది ఆనాటి అక్కడి నియమం. అచ్చు వేయించడానికి డబ్బు కావాలి. 1925లో లండన్‌లో ఆ పుస్తకం అచ్చయింది, తర్వాత పట్టా చేతికొచ్చింది. కొలంబియాలో ఆయన గురువు సెలిగ్మన్ ఆ పుస్తకానికి ముందుమాట రాశాడు. తొమ్మిదేళ్ళ కిందట తన దగ్గర్నుంచి వెళ్ళిపోయిన విద్యార్థి పుస్తకానికి ముందుమాట రాసిన గైడు! అలాంటివాణ్ణి ఎంచుకోవాలి.

లండన్ కథ ఇంకోటి. 1917లో స్కాలర్షిప్పు గడువు అయిపోయి చదువు మధ్యలో వదిలి రావాల్సొచ్చింది. వచ్చేముందు ఆయన ఒక పని చేశారు. నాలుగేళ్ళలోపు తిరిగొచ్చి చదువు కొనసాగించుకోవడానికి అనుమతి తీసుకుని వచ్చారు. బొంబాయిలో ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టి, అప్పు చేసి, 1920లో మళ్ళీ వెళ్ళారు. ఆ అనుమతి లేకపోతే తిరిగి వెళ్ళినా తలుపు తెరుచుకునేది కాదు.

రూపాయి సమస్య మీద ఆయన రాసిన థీసిస్‌ను 1923 మార్చిలో పరీక్షకులు మార్చి తెమ్మన్నారు. బాబాసాహెబు థీసిస్‌నే మార్చమన్నారంటే, అధ్యాయం మీద ఎర్రసిరా పడినంత మాత్రాన మన పిల్లలు కుంగిపోనక్కర్లేదు. ఆయన బొంబాయి వచ్చి, తిరగరాసి పంపారు. ఆ ఏడాది చివర్లో డి.ఎస్సి. వచ్చింది. పుస్తకానికి అక్కడి ప్రొఫెసరు ఎడ్విన్ కానన్ ముందుమాట రాస్తూ, ఇందులోని వాదనల్లో చాలావాటిని తాను ఒప్పుకోనని చెప్పాడు. చెప్పి కూడా, రచనలో కొత్త ఆలోచన ఉందని మెచ్చుకున్నాడు.

మంచి గైడు మనతో ఏకీభవించాల్సిన పని లేదు. మనం రాసింది చదవాలి. చదివి, తప్పుంటే తప్పని చెప్పాలి. మన వాదన నచ్చకపోయినా మన పట్టాకు అడ్డం పడకూడదు.

రూలు ఏమంటోంది?

2022 నవంబరులో యు.జి.సి. పిహెచ్.డి.కి కొత్త నిబంధనలు ప్రకటించింది. ఇంగ్లీషులో ఉన్నాయి, ఎక్కువ పేజీలు లేవు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా మన పిల్లలకు కూర్చుని చదివి చెప్పవచ్చు. ముఖ్యమైనవి ఇక్కడ చెబుతున్నాం.

చేరిన రోజు నుంచి తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు. ఆ తర్వాత తిరిగి రిజిస్టరు చేసుకుంటే మరో రెండేళ్ళు ఇవ్వవచ్చు. ఆడపిల్లలకూ, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకూ ఇంకో రెండేళ్ళ సడలింపు ఉంది. ఆడవాళ్ళకు ప్రసూతికీ పిల్లల పెంపకానికీ మొత్తం మీద 240 రోజుల దాకా సెలవు ఉంది. ఇది ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు.

చేరడానికి పి.జి.లో 55 శాతం మార్కులుండాలి. మనకు 5 శాతం సడలింపు. చేరాక కోర్సువర్కు 12 క్రెడిట్లకు తగ్గకుండా ఉంటుంది, అందులో 55 శాతం తెచ్చుకోవాలి. సెంథిల్ కథ గుర్తుంచుకుని మొదటి ఏడాది కోర్సువర్కును తేలిగ్గా తీసుకోకండి. "పి.జి. పాసైనోడికి ఇదో లెక్కా" అనుకుని ఇరుక్కున్నవాళ్ళున్నారు.

ఒక ప్రొఫెసరు ఒకసారికి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6గురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి గైడుగా ఉండకూడదు. రిటైరు కావడానికి మూడేళ్ళలోపే ఉన్నవాళ్ళు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. గైడుగా ఉండాలంటే పర్మినెంటు అధ్యాపకులై ఉండాలి.

ప్రతి స్కాలరుకూ ఒక పరిశోధన సలహా కమిటీ ఉండాలి. సెమిస్టరుకోసారి దాని ముందుకు వెళ్ళి పని చూపించాలి. పని బాగాలేదంటే కారణాలు రాయాలి, ఎలా సరిచేసుకోవాలో చెప్పాలి. నోటి మాటగా "నీకు రాదు, పో" అంటే కుదరదు.

థీసిస్ సమర్పించే ముందు పత్రికలో వ్యాసం అచ్చు కావాలన్నది 2016 నిబంధనల్లో తప్పనిసరి. 2022 నిబంధనల్లో తీసేశారు. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏం పెట్టిందో రాతలో చూసుకోండి. థీసిస్ ఇచ్చాక బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చూడాలి. వైవాతో సహా మొత్తం తతంగం ఆరు నెలల్లో పూర్తి కావాలి. వైవా బహిరంగంగా జరగాలి.

ఇక డబ్బు. జె.ఆర్.ఎఫ్. మొత్తం 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం విడిగా ఇచ్చే జాతీయ ఫెలోషిప్పు కూడా ఉంది. ఈ డబ్బు అయిదేళ్ళకు మించి రాదు. చదువు గడువు ఆరేళ్ళు, డబ్బు గడువు అయిదేళ్ళు. గైడు ఒక ఏడాది సాగదీస్తే ఆ ఏడాది మన పిల్లాడు దేనితో బతకాలి? పైకులాల పిల్లాడికి ఇంట్లో పొలం ఉంది, ఆగగలడు. మన పిల్లాడికి ఇంట్లో ఉన్నది అమ్మ కూలి. ఆలస్యం అందరికీ ఒకటే అనేవాళ్ళకు ఇదే మా జవాబు.

గైడును చూసేదెలా?

సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు అంటారు. పొలం కౌలుకు తీసుకునేటప్పుడు కాలవ ఎంత దూరమో, నీళ్ళు చివరిదాకా వస్తాయో రావో అడుగుతాం. ఆరేళ్ళ చదువుకు గైడును మాత్రం డిపార్టుమెంటు చూపించినవాణ్ణి కళ్ళుమూసుకుని ఒప్పుకుంటాం. ఇది మారాలి. ఎంపికలో డిపార్టుమెంటు మాట ఉంటుంది, నిజమే. కానీ స్కాలరు ఏ అంశం మీద పని చేస్తాడో, ఎవరి దగ్గర చేస్తాడో తన ఇష్టం రాసివ్వచ్చు. అడగనివాడికి మిగిలింది అంటగడతారు.

ముందు ఆయన దగ్గర చేసినవాళ్ళను అడగాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టాతో బయటికొచ్చారు, ఎన్నేళ్ళు పట్టింది, ఎవరు మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు. మానేసినవాళ్ళలో మనోళ్ళెంతమంది, ఆడపిల్లలెంతమంది. ఈ లెక్క చాలు, మనిషి తెలిసిపోతాడు. సమర్పించిన థీసిస్‌లు శోధ్‌గంగ అనే భాండాగారంలో పెట్టాలన్నది నియమం. సెల్‌ఫోనులోనే చూడొచ్చు. గైడు పేరు కొడితే ఆయన దగ్గర పూర్తయిన థీసిస్‌లు కనపడతాయి. రెండు తెరిచి చదవండి. పని నాణ్యంగా ఉందా, ఒకదాన్ని చూసి ఒకటి దించారా, అర్థమైపోతుంది.

తర్వాత ఆయన పని చూడాలి. రాసిచ్చిన అధ్యాయం ఎన్నాళ్ళకు తిరిగిస్తాడు? దిద్ది ఇస్తాడా, "బాగుంది" అని ఊరుకుంటాడా? పేరుమోసిన ప్రొఫెసరు కమిటీల చుట్టూ తిరుగుతూ ఏడాదికోసారి కూడా దొరక్కపోవచ్చు. పేరులేని అసిస్టెంట్ ప్రొఫెసరు వారం వారం కూర్చోబెట్టి దిద్దవచ్చు. మనకు పేరు కాదు, ఆ కూర్చోబెట్టడం కావాలి.

ఆయన ఇంటిపని చేయిస్తాడా అన్నదీ అడగాలి. కూరగాయలు తేవడం, కరెంటు బిల్లు కట్టడం, పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం. పాలేరుతనం కొత్త పేరుతో తిరిగొచ్చిందంతే. మన తాతలు కామందు గొడ్లసావిట్లో చేసిన పనే, మనవడు ప్రొఫెసరుగారి కారు షెడ్డులో చేస్తున్నాడు. యు.జి.సి. నిబంధనల్లో ఎక్కడా కూరగాయలు లేవు. గురుభక్తి అని దానికి పేరు పెడితే మోసపోవద్దు. గైడు గురువు కాదు. ప్రజల డబ్బుతో జీతం తీసుకుని మన పిల్లలకు పని నేర్పాల్సిన ఉద్యోగి. గౌరవం ఇద్దాం, నమస్కారం పెడదాం. బానిసత్వం వద్దు.

"మనోడు ఉన్నాడుగా!"

ఇక్కడ ఒక మాట మనలో మనం అనుకోవాలి. చాలామంది పిల్లలు "మన ప్రొఫెసరు ఉన్నాడు, చూసుకుంటాడు" అని వెళ్తారు. మనోళ్ళు ప్రొఫెసర్లయినందుకు మాకెంతో సంతోషం. ఎందరో మన అధ్యాపకులు మన పిల్లల్ని సొంత బిడ్డల్లా చూసి ఒడ్డెక్కించారు. అది ఎవరూ కాదనలేరు. కానీ కులం గైడు అర్హత కాదు. ఆయనకు తెలియని అంశంలో మన పిల్లాడు ఆయన దగ్గర చేరితే ఇద్దరికీ ఇబ్బందే. మనవాళ్ళ చుట్టూ మన పిల్లలంతా మూగితే ఆయనకున్న సీట్లు నిండిపోతాయి, మిగతా డిపార్టుమెంటు చేతులు దులుపుకుంటుంది. "మీవాళ్ళను మీవాళ్ళ దగ్గరకే పంపాం" అంటారు. యూనివర్సిటీలో కూడా ఒక వెలివాడ తయారవుతుంది.

ప్రతి గైడు దగ్గరా మన పిల్లలుండాలి. అది మన హక్కు. పైకులాలవాడైనా రూలు ప్రకారం నడిచేవాడు, రాసింది చదివేవాడు, మనిషిని మనిషిగా చూసేవాడు ఉంటే అతని దగ్గరికే వెళ్ళాలి. బాబాసాహెబు గైడులు ఏ కులం వాళ్ళు? పని తెలిసినవాళ్ళు.

అంశం విషయంలోనూ ఇదే వల. కొందరు గైడులు మన పిల్లాణ్ణి చూడగానే "నువ్వు దళిత సాహిత్యం మీద చెయ్యి" అంటారు. ఇంకొందరు "ఆ కులం గోల వద్దు, వేరేది చూసుకో" అంటారు. రెండూ తప్పే. ఇష్టమైతే జాషువా మీద చెయ్యాలి, ఇష్టమైతే మట్టి మీద చెయ్యాలి. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది. ఆ చుట్టూ భూముల్లో చెమట ఓడ్చింది మనవాళ్ళు. ఆ మట్టి మీద, విత్తనం మీద డాక్టరేట్లు మనకెన్ని ఉండాలి? రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులున్నాయి. ఉప్పునీరు పక్క పొలంలోకీ తాగునీటి బావిలోకీ దిగితే ముందు దాహం పడేది పల్లె. ఆ నీళ్ళను పరీక్షించి రాసే శాస్త్రవేత్త మన పిల్ల ఎందుకు కాకూడదు?

"ఉద్యమానికీ పిహెచ్.డి.కీ ఏమిటి సంబంధం?"

భూమి సంగతి వదిలేసి పట్టాల సంగతి మాట్లాడుతున్నారని కొందరు కార్యకర్తలు అనవచ్చు. మేం భూమిని వదల్లేదు. 1991 ఆగస్టు 6న తెనాలికీ బాపట్లకూ మధ్యనున్న చుండూరులో ఎనిమిది మంది మనవాళ్ళను చంపారు. ఆ గొడవకు మొదలు సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు పైకులం వాడికి తగలడం. కాలు తగలడం కాదు వాళ్ళకు మండింది, చదువుకున్నవాడు తలెత్తుకుని కూర్చోవడం. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. మన చావుల చరిత్ర ఎవరు రాయాలి? మన నేల, మన నీళ్ళు, మన కూలిరేట్లు ఎవరు లెక్కగట్టాలి? ఇతరులు రాస్తే ఏం రాస్తారో చూశాం.

ఇంకో లెక్క. పిహెచ్.డి. లేకపోతే ప్రొఫెసరు కాలేరు. పర్మినెంటు అధ్యాపకులు కాకపోతే గైడు కాలేరు. మన గైడులు తక్కువైతే మన స్కాలర్లు ఇబ్బంది పడతారు, మళ్ళీ మన ప్రొఫెసర్లు తగ్గుతారు. ఇది గిరగిరా తిరిగే గానుగ. పైగా ప్రభుత్వాలు పర్మినెంటు పోస్టులు నింపకుండా గెస్టులతో, కాంట్రాక్టు వాళ్ళతో నెట్టుకొస్తే ఏమవుతుంది? కాంట్రాక్టు అధ్యాపకుడు గైడుగా ఉండడానికి వీల్లేదు. పోస్టు ఖాళీ అయితే గైడు ఖాళీ, గైడు ఖాళీ అయితే సీటు ఖాళీ, సీటు లేకపోతే రిజర్వేషను దేనిమీద? సున్నాలో 15 శాతం సున్నాయే. 1976లో మన జిల్లాకు నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. రేపల్లె పిల్ల రైలెక్కి తెనాలి వచ్చి, అక్కణ్ణుంచి యూనివర్సిటీకి చేరగలిగే రోజొచ్చింది. చేరేసరికి అక్కడ గైడు కుర్చీ ఖాళీగా ఉండకూడదు. పోస్టులు నింపమని అడగడం కూడా పల్లె డిమాండే.

ఏం చెయ్యాలి?

పిల్లలు చెయ్యాల్సినవి ముందు చెబుతాం. చేరిన రోజే యు.జి.సి. నిబంధనలూ, మీ విశ్వవిద్యాలయం సొంత నిబంధనలూ తెచ్చుకోండి. గైడు మార్పు ఎలా అన్న పేజీ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అవసరం పడకముందే చదవండి. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన అధ్యాయం ఇచ్చారు, ఏ తేదీన తిరిగొచ్చింది, గైడు ఏమన్నాడు, అన్నీ రాయండి. నోటితో మాట్లాడినదాన్ని అదే రోజు ఒక మర్యాదైన మెయిలు రాసి పంపండి: "మీరు చెప్పిన మార్పులు ఇవి, ఫలానా తేదీకి చేసిస్తాను" అని. గొడవకు కాదు, గుర్తుకు. రేపు కమిటీ ముందు నిలబడితే అదే మీ హాల్‌టికెట్టు నంబరు. డబ్బులిస్తే థీసిస్ రాసిపెడతామనే దుకాణాల వైపు పోకండి. దించినది పట్టుకునే పద్ధతులొచ్చాయి, 2018 నుంచీ దానికి శిక్షలున్నాయి. మనం తప్పు చేస్తే ఒక్కడి తప్పుగా చూడరు, జాతి మొత్తానికి అంటగడతారు.

గైడు పట్టించుకోకపోతే ముందు ఆయనతోనే మాట్లాడండి, తర్వాత శాఖాధిపతికి, సలహా కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇచ్చిన కాగితానికి అందినట్టు ముద్ర వేయించుకోండి. ఎస్సీ, ఎస్టీ సెల్లు ఉంది. 2012లో యు.జి.సి. తెచ్చిన నిబంధనలు వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే అధికారిని పెట్టాలన్నాయి. గైడుల దగ్గర ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కులం పేరు పెట్టి అవమానిస్తే అది డిపార్టుమెంటు లోపలి వ్యవహారం కాదు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం సంగతి. అన్నిటికన్నా ముందు, ఒంటరిగా ఉండొద్దు. మనసు చీకటైతే ఆ రాత్రే ఒకరికి ఫోను చెయ్యండి. అన్నకి చెయ్యండి, స్నేహితుడికి చెయ్యండి, సంఘానికి చెయ్యండి. పట్టా పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. మీరు పోతే మాకు ఇంకొకరు లేరు.

పల్లె పెద్దలకూ తల్లిదండ్రులకూ రెండు మాటలు. "ఎప్పటికైపోద్ది" అని అడగొద్దు. "ఎన్ని అధ్యాయాలయినయి? మీ గైడు చదువుతున్నాడా? డబ్బులు నెలనెలా వస్తన్నయ్యా?" అని అడగండి. ఆ ప్రశ్నకు వాడు తలొంచుకోడు, చెబుతాడు. ఆడపిల్ల పిహెచ్.డి.లో ఉంటే "వయసైపోతోంది" అని మధ్యలో పెళ్ళి చేసి చదువు మాన్పించొద్దు. పెళ్ళయి వేరే ఊరు పోవాల్సొచ్చినా, ఆ పరిశోధనను అక్కడి విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలు 2022 నిబంధనల్లో ఉంది. వియ్యపువాళ్ళతో ఆ మాట ముందే మాట్లాడుకోండి, కట్నం మాట కంటే ముందు.

సంఘాల వాళ్ళకు ఒక పని. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మన పిహెచ్.డి. పిల్లలెవరున్నారో పేర్లు రాసుకోండి. ఏడాదికి రెండుసార్లు, అంబేద్కర్ జయంతికీ వర్ధంతికీ, వాళ్ళను దండలేయడానికి మాత్రమే పిలవకండి. కూర్చోబెట్టి ఎక్కడ ఆగిందో అడగండి. పాసై బయటికొచ్చినవాళ్ళు కొత్తగా చేరేవాళ్ళకు గైడుల సంగతి చెప్పాలి. ఒకడు ఎక్కిన నిచ్చెన తర్వాతివాడి కోసం అక్కడే ఉంచాలి. డిపార్టుమెంటులో పైకులాల పిల్లాడికి బాబాయి ఉంటాడు, మేనమామ ఉంటాడు, ఫోను చేసేవాడు ఉంటాడు. మన పిల్లాడికి సంఘమే బాబాయి, సంఘమే మేనమామ.

బాబాసాహెబు చదవమన్నారు, సమీకరించమన్నారు, పోరాడమన్నారు. ఈ మూడూ మూడు వేర్వేరు పనులని మనం అనుకుంటున్నాం. గైడు గది ముందు వరండాలో కట్ట పట్టుకుని నిలబడ్డ మన పిల్లను అడగండి, మూడూ ఒకటేనని చెబుతుంది. ఆ వరండాలో ఆమె ఒక్కతే నిలబడకుండా చూడడం మన పని.